అత్తమ్మకు ఉత్త సూప్

పొయ్యి మీది సూప్‌లో వెనిగర్ పోయగానే గౌలిపురలోని మా మేనత్త వంటగది వాసన వచ్చింది. చిన్నప్పుడు ఆమె చైనీస్ సూప్ చేసి, రొయ్యలన్నీ కొడుకు గిన్నెలోకి దేవింది. నాకు ఉత్త సూపే పోసింది.

“ఆడపిల్లవు, రొయ్యలు వేడి చేస్తయి బిడ్డా.”

తింటే ఒళ్ళు కాలిపోతుందని భయపడి, ఆ ఉత్త సూపే తాగేశాను. అసలు సంగతి అర్థమయ్యేసరికి పెద్దదాన్నయ్యాను.

ఈరోజు అత్త మా ఇంటికి వచ్చింది. కార్న్‌ఫ్లోర్ కలిపి, గిలక్కొట్టిన గుడ్డు సన్నటి ధారగా పోసి, అదే సూప్ చేశాను.

“ఏందే, నా గిన్నెల ఒక్క రొయ్య లేదు?”

“ఈ వయసుల వేడి చేస్తయి అత్తమ్మా.”

అత్త నా ముఖంలోకి చూసి, తల వంచుకుని తాగింది. ఆమె ఎదురుగానే రొయ్యలన్నీ నా కూతురికి వేశాను. ప్రాణం చల్లబడింది.

పాప నిద్రపోయాక మాత్రం, నుదురు కాలుతోందేమోనని మళ్ళీ మళ్ళీ పట్టి చూశాను.