చెరువు శిఖంలో దిగబడిన జీపు

ఆ రోజుల్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో జీపు డ్రైవర్‌ని. గోదావరి వైపు నుంచి వచ్చి రెండేళ్లయినా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. చిన్న తప్పు దొరికినా ఇంటికి పంపేస్తారని భయం. భయం ఉన్నవాడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి కదా! నాకేమో నాకు తెలియనిది లేదన్న పొగరు.

రోహిణి కార్తె ఎండ. నీళ్ల పైపులైను సర్వే కోసం మా ఆఫీసరు గారిని కంది ఊరి అవతలికి తీసుకెళ్లాను. "బండి రోడ్డు దించకు" అని చెప్పి ఆయన చెరువుకట్ట దాటి నడిచి వెళ్లారు. రోడ్డు మీద నీడ లేదు. ఎండిన చెరువు శిఖంలో, అంటే వానాకాలం నీళ్లు నిలిచే నేలలో, ఒక తుమ్మచెట్టు కనిపించింది. నేలంతా నెర్రెలిచ్చి ఉంది. మా వైపు నెర్రెలిచ్చిన చేలో ధాన్యం బళ్లు తిరుగుతాయి, జీపెంత అనుకున్నాను. చెట్టు కింద ఆపి ఓ కునుకు తీశాను.

లేచి చూస్తే చక్రాలు సగం దిగబడి ఉన్నాయి. పైన ఎండి పెచ్చు కట్టిన మట్టి కింద అంతా జిగట బురదే. స్టార్ట్ చేసి గట్టిగా తొక్కితే ఇరుసు దాకా కూరుకుపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు.

కాస్త దూరంలో గట్టినేల మీద ఒక రైతు పొలానికి తోలడానికి చెరువు మట్టిని బండికెత్తుతున్నాడు. పరుగెత్తి వెళ్లి చేతులు పట్టుకున్నాను.

"పెద్దాయనా, మా సార్ వచ్చేలోగా జీపు రోడ్డెక్కకపోతే నా ఉద్యోగం పోతుంది."

"గాడ ఎందుకు పెట్టినవ్ సారూ? పైకి ఎండినట్టే కనబడ్తది. లోపల ఎండనే ఎండదు."

మరో మాట లేకుండా బండి నుంచి ఎడ్లను విప్పాడు. రెండూ తెల్లవి, ఒకే ఈడువి. దూడలప్పటి నుంచి తనే సాకానన్నాడు. చక్రాల ముందు తుమ్మకొమ్మలు పరిచి, కాడికీ జీపు బంపరుకీ మోకు కట్టాడు.

"నువ్వు ఇంజన్ ముట్టకు సారూ. స్టీరింగ్ పట్టుకొని కూసో. ఎడ్లే గుంజుతయ్. జెర నిమ్మళం."

నిజంగానే లాగాయి. జానెడు జానెడుగా జీపు కదిలింది. ఇంకో రెండు బారలైతే గట్టినేల. అప్పుడే కట్ట వెనక నుంచి ఆఫీసరు గారి గొడుగు అంచు కనిపించింది. ఇక ఓపిక పట్టలేకపోయాను. ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాను. కొమ్మల మీద చక్రాలకు పట్టు దొరికి జీపు ఒక్కసారిగా ముందుకు దూకింది. మెడ మీద కాడి ఉంది, ఎద్దు ఎక్కడికి తప్పుకుంటుంది? కుడివైపు దాని వెనక కాలికి బంపరు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినిపించింది.

గట్టినేల మీద జీపు ఆపి దిగాను. ఎద్దు లేవబోయి మళ్లీ పడింది. రైతు మోకు విప్పేసి, దాని తలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పో సారూ. మీ సారొస్తున్నడు," అన్నాడు.

వెళ్లాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ వెళ్లాను. చక్రాలకు ఆ బురదేమిటని ఆఫీసరు గారు అడిగితే రోడ్డు పక్క మురుగు మోరీ దగ్గర అంటిందన్నాను.

ప్రతి ఆదివారమూ ఆ ఊరు వెళ్లాలనుకునేవాణ్ని. వెళ్లి ఏ మొహం చూపించను? వానలు పడ్డాయి. దుక్కులకు ఆయన ఏం చేస్తున్నాడోనని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చేది. శ్రావణంలో నన్ను పర్మనెంటు చేశారు. మా ఆవిడ పాయసం వండింది. ఆమెకు కూడా నేనేమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఒకసారి, సంగారెడ్డి పశువుల అంగడి రోజున, జీపు ముందు ఒక మనిషి ఒంటి ఎద్దును తోలుకుపోతున్నాడు. తెల్లది. జోడు పోయాక ఒక్కదానితో దున్నలేడు, అమ్మకానికే తీసుకెళ్తున్నాడు. వీపు చూసే ఆ రైతేనని పోల్చుకున్నాను.

"హారన్ కొట్టవయ్యా," అన్నారు పక్క సీట్లోంచి ఆఫీసరు గారు.

కొట్టాను. రైతు తిరిగి చూశాడు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, దాన్ని పక్కకు జరుపుకొని మాకు దారి ఇచ్చాడు.

"మంచిగున్నవా సారూ? నౌకరి ఉన్నది గదా?"

"ఎవరయ్యా అతను?" అన్నారు ఆఫీసరు గారు.

"తెలియదు సార్," అని గేరు మార్చాను.