నికనోర్ వాళ్ళమ్మ పళ్ళెం

నికనోర్ డ్రమ్స్ వాయిస్తుంటే పక్కన మనిషెత్తు బేస్ వాయిద్యం పట్టుకుని ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబడ్డాను. అతని గురించి మంచీ చెడూ చెప్పే హక్కు నాకుంది. మంచివాడు. కాకపోతే తొందర మనిషి. పాట మొదలుపెట్టడమే ఆలస్యం, బస్సు వెళ్ళిపోతున్నట్టు పరిగెత్తేవాడు.

పుట్టింది బ్రెజిల్‌లో కషోయిరా అనే చిన్న ఊళ్ళో. వాళ్ళమ్మ యులీనా అక్కడ చుట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. పని దిగాక ఆడవాళ్ళంతా గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ సాంబా పాడితే, ఆవిడ తను తినే పింగాణీ పళ్ళేన్ని ఎడమచేత్తో పట్టుకుని, అంచు మీద చాకుతో గీకుతూ తాళం వేసేది. ఆ గరగర వింటూ పెరిగినవాడు పద్దెనిమిదో ఏట సాల్వదోర్ నగరం చేరి జాజ్ వాయించేవాళ్ళలో కలిశాడు. హోటళ్ళలో వాయించాడు, ఓడల్లో వాయించాడు. సొంతంగా నలభై దాకా బాణీలు కట్టాడు. ఎవరైనా అడిగితే విదేశీ రికార్డులు విని నేర్చుకున్నానని కోతలు కోసేవాడు. అమ్మ పళ్ళెం గరగర రావాలని పదకొండు సింబల్స్, అదే డ్రమ్స్‌కి బిగించే ఇత్తడి తాళాలు, మార్చాడని నాకొక్కడికే తెలుసు.

అరవయ్యో ఏట అతని బాణీలతో మొదటి రికార్డు చేసే అవకాశం వచ్చింది. సాల్వదోర్‌లో స్టూడియో ఒక్క మధ్యాహ్నానికే దొరికింది. చివరి బాణీ అమ్మ మీద కట్టినది. అది లేకపోతే రికార్డే వద్దన్నాడు. దానికి ఆ పళ్ళెమే కావాలి. ఇద్దరం కషోయిరా వెళ్ళి అడిగాం.

"ఇవ్వను," అంది ఎనభై రెండేళ్ళ యులీనా. "నీకిచ్చేస్తే నేను దేంట్లో తినాలిరా? కావాలంటే నేనే వస్తా."

వచ్చింది. కానీ మన ఘనుడు, అంచు పెచ్చులూడిన పళ్ళేన్ని స్టూడియోవాళ్ళు చూస్తే నామోషీ అనుకుని, బయల్దేరేముందు ఆవిడ సంచిలోంచి దాన్ని తీసేసి బంగారు గీత ఉన్న కొత్తది పెట్టాడు.

స్టూడియోలో ఆవిడ సంచి విప్పి, కొత్త పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా పళ్ళెం ఏదిరా?"

"ఇంట్లోనే ఉందమ్మా. ఇది ఇంకా బాగుంటుంది."

"దీంట్లో ఎవరైనా తిన్నారా?"

"కొత్తదమ్మా."

"ఎవరూ తినని పళ్ళెం నేను వాయించను. మా ఫ్యాక్టరీలో ఎవరూ వాయించలేదు."

చాకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కషోయిరా వెళ్ళి రావాలంటే నాలుగు గంటలు. మాకు మిగిలింది గంటన్నర. నికనోర్ మొహం మాడిపోయింది. చూడలేక నేనే వీధి చివరి కొట్టుకెళ్ళి ఉడికించిన బీన్స్, కర్రపెండలం పిండి తెచ్చాను. కొత్త పళ్ళెంలోనే వడ్డించాం. ఆవిడ రెండూ కలిపి, ముద్దలు చేసుకుని నింపాదిగా తింది. మధ్యలో ఒక ముద్ద కొడుకు వైపు చాపింది.

"తిను. పొద్దున్నించీ ఏం తిన్లేదు, నాకు తెలీదా."

అరవై ఏళ్ళ మనిషి నోరు తెరిచాడు.

తర్వాత ఆవిడ పళ్ళెం కడిగి, గౌనుకి తుడిచి, చాకు తీసుకుంది. నిజం చెప్పాలంటే పళ్ళెం మోతలో నాకేం తేడా తెలియలేదు. తేడా నికనోర్‌లోనే. ఆ రోజు పరిగెత్తలేదు. ఆవిడ ఎంత నెమ్మదిగా గీకితే అంత నెమ్మదిగా వెనకే వెళ్ళాడు. నాకు ఏడుపొచ్చింది, బేస్ చాటున దాచుకున్నాను. ఒక్కసారికే రికార్డింగు అయిపోయింది.

యులీనా పోయి మూడేళ్ళయింది. మొన్న నేను వాళ్ళింట్లో భోజనం చేస్తుండగా మా రికార్డు విని సావో పాలో నుంచి ఎవరో డ్రమ్మరు ఫోన్ చేశాడు. అమ్మగారి పాత పళ్ళెం వారం రోజులు ఇప్పించమని అడిగాడు. నికనోర్ ముందు ఆ పెచ్చులూడిన పళ్ళెమే ఉంది, సగం తిన్న బీన్స్‌తో.

"కుదరదు నాయనా," అన్నాడు. "నీకిచ్చేస్తే నేను దేంట్లో తినాలి?"