మామగారి దుకాణంలో పరాయి చక్రం

మొన్న ఆదివారం మల్కాజ్‌గిరిలో మా చిన్నమ్మాయి ఇంట్లో మనవరాలు కుక్కర్ మూతతో కుస్తీ పడుతోంది. ఒకే కంపెనీవి రెండు కుక్కర్లు, చూడడానికి కవలపిల్లల్లా ఉంటాయి. మూత పెట్టి తిప్పితే సగం దాకా వచ్చి ఆగిపోతోంది, ఆ పిల్ల పళ్ళు బిగించి అరచేత్తో గుద్దుతోంది. ఆ సగంలో ఆగే చప్పుడు వినగానే నాకు ఒక చోట కాలు నిలవలేదు. పోయి చెయ్యి పట్టుకుని, "కొట్టకు బిడ్డా, ఇది దీని మూత కాదు" అన్నాను. మూతలు మార్చి పెడితే రెండూ హాయిగా తిరిగాయి. నీకెట్ల తెలిసింది అమ్మమ్మా అని అడిగింది గానీ, కుక్కర్ మూతకూ తుపాకీకీ ఏం సంబంధమో పొయ్యి ముందర నిలబడి చెప్పే ముచ్చట కాదది. నా ఈడు వాళ్ళు మీరైతే వింటారు.

నేను కోడలిగా వచ్చిన ఏడాది సంగతి. సికింద్రాబాద్‌లో ఇరుకు సందులో పొడుగాటి ఇల్లు మాది. ముందరి గది మామగారి దుకాణం. లైసెన్సు ఉన్నవాళ్ళ తుపాకులు బాగుచేసేవారు. వెనక వంటిల్లు. నాకు నాలుగో తరగతితోనే బడి ఆగిపోయింది, చదువు సంగతి తెలియదు గానీ, కూరలు తరుగుతూ ఆ గదిలోని చప్పుళ్ళు విని విని మామగారి పని సాగుతోందో లేదో చెప్పగలిగేదాన్ని.

దసరాకు దుకాణంలో ఉన్న ఆయుధాలన్నీ విప్పి, తుడిచి, తళతళా మెరిసేలా రుద్ది, ఎర్రటి గుడ్డ మీద పరిచి పూజ చేయడం ఆ ఇంటి ఆచారం. ఆ ఏడాది వచ్చినవి రెండే, రెండూ ఒకే రకం రివాల్వర్లు. ఒకటి మా అత్తమ్మ తమ్ముడిది. ఆయన్ను నేను చినమామ అనేదాన్ని. పటాలం నుంచి వచ్చాక లాలాగూడలో ఉంటూ, సొంత తుపాకీతో ఒక బ్యాంకు దగ్గర కాపలా కాసేవాడు. రెండోది సైనిక్‌పురిలో ఉండే ఒక పెద్దాయనది. కుంకుమ నూనెలో కలిస్తే మరక పడుతుందని ఆయన ముందే చెప్పి పోయినందున అత్తమ్మ ఆయన దాని ముక్కలకు ఉత్త గంధం చుక్కలు, తమ్ముడి దాని ముక్కలకు నిండుగా కుంకుమ పెట్టింది. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే. పూజయ్యాక మామగారు అన్నీ తుడిచి, బిగించి, ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు.

పండుగ వెళ్ళిన వారానికి చినమామ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆ తుపాకీ రెండు తీర్ల పనిచేస్తుంది: వెనకాలి సుత్తిని బొటనవేలితో లాగి పేల్చొచ్చు, లేదంటే ఒక్క ట్రిగ్గర్ నొక్కితే చాలు, సుత్తి లేవడం, తూటాల చక్రం తిరగడం అన్నీ అదే చేసుకుంటుంది. వేలితో లాగితే బాగానే ఉంది. ట్రిగ్గర్ నొక్కితేనే చక్రం తిరిగినట్టే తిరిగి, తన చోట కూర్చోకముందే ఆగిపోతోంది. సోమవారం బ్యాంకులో కాపలావాళ్ళ ఆయుధాల తనిఖీ. తుపాకీ ఆడకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది, ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క జీతమే.

మామగారు విప్పారు, కడిగారు, నూనె వేశారు, స్ప్రింగు మార్చారు. కాసేపు ఆడేది, అమ్మయ్య అనుకునేలోపే ఆగేది. అసలు ఆడకపోతే ఒక బాధ. ఆడీ ఆడకుండా ఉంటే మనిషి ఎక్కడ కూర్చోగలడు? చినమామ వాకిట్లోకీ దుకాణంలోకీ తిరుగుతూనే ఉన్నాడు. మామగారు అన్నం ముందర కూర్చుని ముద్ద కలిపి, చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. నేను పొయ్యి మీద పాలు పెట్టి చెవి ముందరి గదిలో వేస్తే, పాలు పొంగిపోయేవి.

"బావా, నీ చేతిల వడ్డంక దీనికి సుత నీ గుణమే వచ్చింది. జెర తిరుగుతది, అలిగి ఆగుతది" అన్నాడు చినమామ, నవ్వు రాని ముఖంతోనే.

"నీ అక్క బొట్లు పెట్టింది గద కుప్పలు కుప్పలు! కుంకుమ లోపల వడి గడ్డగట్టింది" అన్నారు మామగారు.

అత్తమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "నేను వచ్చిన సంది పెడుతనే ఉన్న. గిన్నేండ్లు లేని తక్లీఫ్ ఇయ్యాల షురూ అయిందా? నీకు చేతగాక అమ్మవారి మీద నూకకు."

ఆదివారం పొద్దున చినమామ ఇక ఆగలేక, ఆకురాయితో జెర గీకి పారేయమన్నాడు. గీకిన ఇనుము మళ్ళీ రాదని మామగారు అంతదాకా ఆకురాయిని ముట్టలేదు. ఆ పూట మాత్రం చేతిలోకి తీసుకున్నారు. తీసుకుని, ఎందుకో కింద పెట్టి, ముందు అత్తమ్మ నేరం రుజువు చేయాలని చక్రం గాడిలోంచి సూదితో ఎండిన పెచ్చు ఒకటి పెళ్ళగించి, ఆమెను పిలిచి తెల్ల కాగితం మీద చూపించారు. అత్తమ్మ వంగి చూసింది, వాసన చూసింది.

"ఇది కుంకుమ ఏడుంది? గంధం. మా తమ్మునిదానికి నేను గంధం పెట్టనే లేదు."

మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒకే గుడ్డ మీద పరిచిన రెండింటినీ ఆయన చేతులే బిగించాయి, ఒకదాని చక్రం ఇంకొకదానికి. పైకి రెండూ ఒకటే. కానీ ఏ చక్రమైనా దాని తుపాకీ ఒంటికి సరిపడా ఎవరో ఎప్పుడో చేత్తో అరగదీసి కూర్చిందే, ఇంకొకదానిలో ఒదగదు. ఆకురాయి ఆడించి ఉంటే రెండు తుపాకులూ చెడేవి.

చినమామ సైనిక్‌పురికి పరుగెత్తాడు. అక్కడి పెద్దాయన తనది బరాబరుందని, పండుగయ్యాక తెచ్చి బీరువాలో పెట్టింది మళ్ళీ తీయనే లేదని, తీయాల్సిన పని కూడా లేదని గద్దించాడట. ఖాళీదే ఒక్కసారి నొక్కి చూడమని చినమామ దండం పెట్టాడట. నొక్కితే సగంలో ఆగింది. ఇన్ని రోజులు నా బీరువాలో పరాయి చక్రమా అని ఆయనే లైసెన్సు జేబులో పెట్టుకుని, తుపాకీతో స్కూటరెక్కి చినమామ వెనకే వచ్చేశాడు. దీపాలు పెట్టే వేళకు చక్రాలు మారాయి. వంటింట్లోకి టక్, టక్, టక్ అని ఎక్కడా తడబడని చప్పుడు వచ్చింది. మామగారు అప్పుడు అన్నం అడిగారు.

చినమామ ఉద్యోగం నిలబడింది. మామగారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మరుసటి దసరాకు మాత్రం ఎర్ర గుడ్డ బదులు ఒక్కోదానికి ఒక్కో పళ్ళెం పెట్టించారు. అత్తమ్మ ప్రతి పళ్ళెం ముందరా నిలబడి, "కుంకుమనా, గంధమా?" అని అడిగి మరీ బొట్టు పెట్టేది.

ఇప్పుడు ఆ గదిలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఏది చెడినా సాయంత్రానికి కొత్తది అట్టపెట్టెలో గుమ్మం ముందరికి వస్తోంది. మంచిదే, ఎవరి అన్నమూ చల్లారడం లేదు. కానీ ఒక వస్తువు తన చోట కూర్చోలేదని ఇల్లంతా కుదురు లేకుండా తిరగడం, అది కూర్చోగానే అందరం ఒక్కసారి కూర్చోవడం, ఆ రెండూ ఒక్కసారే లేకుండా పోయాయి.

మొన్న ఆదివారం సాయంత్రమే నేను గంధం తీసి ఒక కుక్కర్ మూతకూ దాని గిన్నెకూ చెరో చుక్క పెట్టాను. మనవరాలు నవ్వింది. మర్నాడు గిన్నెలు తోమే ఆమె కడిగేసింది. మళ్ళీ పెట్టాను.