మామయ్య కుట్టిన వరుస

మా అమ్మకి ఒక్కడే అన్నయ్య. ఊళ్లోని పెద్ద లైబ్రరీలో ముప్పై ఒక్కేళ్లు బైండరుగా పనిచేశాడు. అట్టలూడిన పుస్తకాలు మెట్ల కింద ఉన్న ఆయన గదికి దిగేవి. కొత్త అట్టతో, వెన్ను మీద కాలికో గుడ్డతో మళ్లీ పైకి వెళ్లేవి. గదిలో ఒక బల్ల, ఒక ఇనుప ప్రెస్సు, మనుషుల కాళ్లు మాత్రమే కనిపించే ఒక కిటికీ. మైదా జిగురుకి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు కాబట్టి ఆయన గోళ్ల అంచులు ఎప్పుడూ లేత నీలంగా ఉండేవి. పెళ్లయిన కొత్తలో అది ఏదో జబ్బనుకుని అత్తయ్య వారం రోజులు బెంగపెట్టుకుందట.

మామయ్య చదువు స్కూలుతోనే ఆగిపోయింది. కానీ చిరిగిన పుస్తకాన్ని కుట్టేముందు పేజీలన్నీ వరుసలో ఉన్నాయో లేదో చూడాలి కదా. అలా చూస్తూ చూస్తూ చదవడం మొదలుపెట్టాడు. అందరినీ కాదు, ఒక్క రచయితనే. వందేళ్ల కిందటి ఫ్రెంచి నవలాకారుడు ఆయన. మంచు సముద్రాలు, దారి తప్పిన ఓడలు, మనుషులు లేని దీవులు, అన్నీ సాహసాలే. నలభై ఒక్క నవలల అనువాదాలు మా లైబ్రరీలో ఉండేవి. అనువాదకులు ఎవరికి ఏది దొరికితే అది అచ్చేయించారు. ఏది ముందో ఏది తర్వాతో ఎక్కడా రాయలేదు.

"నాకో మగ సవతి ఉన్నాడు," అనేది అత్తయ్య, ఇంటికి వచ్చినవాళ్లతో. "ఫ్రాన్సువాడు. చచ్చి ఇన్నేళ్లయినా నా మొగుణ్ణి వదిలిపెట్టడు."

"వదిలిపెడితే నీకేం పని ఉంటుంది, తిట్టడానికి?" అనేవాడు మామయ్య.

ఆయనకి మొట్టమొదట దొరికింది ఒక ముసలి కెప్టెన్ నవల. ఆ కెప్టెన్ ఓడని ఎక్కడికైనా నడుపుతాడు, ఒక్క ఉత్తరపు మంచు వైపు మాత్రం తిప్పడు. నావికులు బతిమాలతారు, తిరగబడతారు. ఎందుకు తిప్పడో చివరి పేజీలోగానీ తెలియదు. ఆ పేజీ చదువుతుండగా మోచేయి తగిలి జిగురు గిన్నె ఒలికిపోయిందని, అది బల్ల మీద ఎండిపోయేదాకా అలాగే కూర్చుండిపోయానని మామయ్య నాకే నాలుగైదుసార్లు చెప్పాడు.

తర్వాత మరో నవలలో అదే కెప్టెన్ కుర్రవాడిగా కనిపించాడు. ఇంకో దాంట్లో నడివయసువాడు. మామయ్యకి అదే పిచ్చి పట్టుకుంది. ఏ పాత్ర ఏ నవలలో ఎంత వయసువాడు, ఏ ఓడ ఏ ఏడు మునిగింది, అంతా చీటీల మీద రాసుకుంటూ పోయాడు. ఏళ్ల తరబడి రాశాడు. వరుస తేలాక, పాఠకుడు తికమకపడకూడదని నలభై ఒక్క నవలల్నీ పదమూడు లావుపాటి సంపుటాలుగా కలిపి కుట్టేశాడు. మొదట పుట్టుక, తర్వాత యవ్వనం, తర్వాత ముసలితనం. అప్పటి లైబ్రేరియన్ "మీ ఇష్టం బైండరుగారూ" అన్నాడట. ఆయన ఏ పుస్తకం గురించి అడిగినా అదే మాట అనేవాడు.

మామయ్య రిటైరవడానికి మూడు నెలల ముందు కొత్త లైబ్రేరియన్ వచ్చారు. పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. లెక్క చూస్తే ఇరవై ఎనిమిది పుస్తకాలు కనబడలేదు. అన్నీ ఆ ఫ్రెంచాయనవే. ప్రతి సంపుటి వెన్ను మీదా మొదటి నవల నంబరు ఒక్కటే ఉంది మరి.

"ఒక నంబరుకి ఒక పుస్తకం ఉండాలండీ," అన్నారామె. "విడదీసెయ్యండి."

"విడదీస్తే జనం వెనకది ముందు చదువుతారు మేడమ్."

ఆమె మంచావిడే. కాసేపు ఆలోచించి, "సాహిత్యం తెలిసినవాళ్లెవరైనా, వీటిని ఈ వరుసలోనే చదవాలని ఒక పేజీ రాసిస్తే అలాగే ఉంచేస్తాను. కొత్త నంబర్లు వేయిస్తాను," అన్నారు.

ఆ సాయంత్రమే మామయ్య మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోంచే అడిగాడు. "సాహిత్యంలో ఎమ్మే చేశావు. ఒక్క పేజీ రాసిపెట్టు తల్లీ. నేను పోయాక అవైనా అక్కడ ఉంటాయి."

రాస్తానన్నాను. రాసేముందు ఆ రచయిత నవలలు ఏ ఏడు ఏది వెలువడిందో యూనివర్సిటీలో వెతికి చూశాను. ముసలి కెప్టెన్ నవల ముందు రాసింది. కుర్ర కెప్టెన్ నవల పదకొండేళ్ల తర్వాతది. అతను తన తమ్ముణ్ణి మంచులో వదిలేసి వచ్చిన సంగతి అందులో రెండో అధ్యాయంలోనే ఉంది. మామయ్య దాన్ని ముందు కుట్టాడు. ఆ సంపుటిని నేను పన్నెండేళ్లప్పుడు చదివాను. ముసలాయన ఓడ ఎందుకు తిప్పడో నాకు ఆయన నవల మొదటి పేజీ నుంచే తెలుసు. తెలియని నావికులు నాకు మొద్దుల్లా కనిపించారు. విసుగ్గా ముగించాను.

మిగతావి కూడా చూశాను. పదమూడింటిలో తొమ్మిది అలాగే ఉన్నాయి. చివర తెలియాల్సింది మొదటే తెలిసిపోతుంది.

మామయ్యతో చెప్పాలని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మొదటిసారి ఆయన సంపుటాలకి కొత్త నంబర్ల కోసం చిన్న చిన్న తెల్ల చీటీలు కత్తిరిస్తున్నాడు. రెండోసారి అత్తయ్య, "మీ మామయ్య ఇంత హుషారుగా మా పెళ్లికి కూడా లేరే," అంది. నోరు తెరవలేకపోయాను. ఇంటికి వచ్చి, ఉన్నదున్నట్టు రాసి, కవర్లో పెట్టి అంటించి ఇచ్చాను. విప్పి చదువుతాడనుకున్నాను. చదివి, ఆ కాగితాన్ని తనే దాచేస్తాడని కూడా అనుకున్నాను.

ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేం అంటించడం, మూల లేచిపోతోంది," అని తన గదికి తీసుకెళ్లి, తన జిగురుతో గట్టిగా అంటించి, పైకి వెళ్లి మేడమ్ చేతికిచ్చాడట. ఆమె కత్తెరతో కత్తిరించి, ఆయన ఎదురుగానే పైకి చదివారట. సగంలో ఆపేస్తే, "చదవండి మేడమ్," అన్నాడట. తర్వాత కాగితం అడిగి తీసుకుని తనూ చదివాడు. "అమ్మాయి సరిగ్గానే రాసింది. కోత పని నేనే చేస్తాను," అని కిందికి దిగిపోయాడు. ఇదంతా ఆ మేడమే చెప్పారు నాకు.

రెండోరోజు ధైర్యం చేసి మెట్ల కింది గదికి వెళ్లాను. బల్ల మీద నాలుగో సంపుటి బోర్లా పడుకుని ఉంది. మామయ్య వెన్ను గుడ్డ ఒలిచి, దారాలు ఒక్కొక్కటే తెంపుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఇది చిన్నప్పుడు చదివావు కదూ. నీకు ముందే తెలిసిపోయిందా?"

"తెలిసిపోయింది మామయ్యా."

"బాగుందన్నావే అప్పుడు."

"నువ్వు అడిగావని అన్నాను."

ఇంకో రెండు దారాలు తెంపాడు. "ఎంతమంది చదివారో వీటిని. అందరూ బాగుందనే చెప్పారు." చేతిలోని కత్తి పక్కన పెట్టాడు. "నాకు జిగురు గిన్నె ఒలికిందే, అది ఇంకెవరికీ ఒలక్కుండా చేశానన్నమాట. అదీ ఇంత శ్రద్ధగా."

కత్తి మళ్లీ అందుకున్నాడు.

"కవర్లో పెట్టకుండా నాతో చెప్పాల్సింది."

"భయమేసింది."

"నేనేమంటాననీ?"

ఆయన ఏమీ అనడని నాకూ తెలుసు. అందుకే ఎక్కువ భయమేసింది.

కోత నాలుగు రోజులు పట్టింది. రెండుసార్లు కుట్టిన కాగితం మూడోసారి సూదికి నిలవదు. లోపలి అంచు అప్పటికే తరిగిపోయి ఉంది. పైగా సంపుటి గట్టిగా నిలవాలని మామయ్య ఒక నవల చివరి పేజీని తర్వాతి నవల మొదటి పేజీకి సన్నగా జిగురుతో అంటించేవాడు. అది ఆయన పద్ధతి. ఆయన జిగురు వదిలేది కాదు. లాగితే కాగితమే వచ్చేసేది. నలభై ఒకటీ దొరికాయని కంప్యూటర్‌లో రాసుకున్నారు. మరుసటి వారం వాటిలో ఇరవై ఆరు చిరిగినవని కొట్టేశారు. మిగిలిన పదిహేనూ ఇప్పుడు నంబర్ల ప్రకారం బీరువాలో ఉన్నాయి.

ముసలి కెప్టెన్ నవల ఆ పదిహేనులో ఉంది. చివరి పేజీ లేదు. మామయ్యకి ఆ పేజీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు. రిటైరైన నెలకి, ఒక తెల్ల కాగితం, పెన్ను తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. "రాసివ్వు మామయ్యా, నేను వెళ్లి అంటించి వస్తాను," అన్నాను.

కాగితాన్ని వేలితో నెమ్మదిగా నా వైపు తోసేశాడు.

"నువ్వే రాయి," అన్నాడు. "నీకు మొదటి నుంచీ తెలుసుగా."