పెద్దనాన్నను నిలబెట్టిన చేతులు

పోయిన బుధవారం తెల్లవారుతుండగా పెద్దనాన్న ఫోన్ చేశారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మాట ముద్దగా వస్తుంది. "మీ పెద్దమ్మ లేవట్లేదమ్మా," అన్నారు. నేను మధురానగర్ నుంచి ఫిలింనగర్ చేరేసరికి పక్క ఫ్లాట్ వాళ్ళు డాక్టర్ని పిలిపించారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మా అమ్మకు అక్క, నన్ను సగం పెంచిన మనిషి, అంత చప్పుడు లేకుండా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

చప్పుడు చెయ్యకపోవడం ఆవిడకు అలవాటు లేని పని. తెనాలి నుంచి కాపురానికి వచ్చింది మొదలు సినిమాలకు డబ్బింగ్ చెప్పింది. తెర మీద కొడుకు కోసం గుండెలు బాదుకునే తల్లుల్లో ఎంతమంది గొంతు పెద్దమ్మదో ఆవిడకే గుర్తు లేదు. పెద్దనాన్న ఆవిడ డబ్బింగ్ చెప్పే థియేటర్లోనే సౌండ్ ఇంజనీరు. వాళ్ళకు పిల్లల్లేరు. ఒకరికి ఒకరు, అంతే.

కొన్నేళ్ళ కిందట ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆయన ఆజానుబాహువు. పెద్దమ్మ ఆయన భుజానికి కూడా అందదు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. పరాయివాడు చంకల కింద చేతులు వేసి ఎత్తుతుంటే పెద్దనాన్న కళ్ళు గట్టిగా మూసుకునేవారు. ఒకరోజు ఆ మనిషి రాలేదు. పెద్దమ్మ ఒక్కతే ఆయన్ని లేపబోయింది. ఇద్దరూ కింద పడ్డారు. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి చూస్తే, నేల మీద కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. దెబ్బలేం తగల్లేదు. ఏడుస్తుందనుకున్నాను.

"నాకు బలం కావాలే," అంది. "ఎక్కడ నేర్పుతారో కనుక్కో."

అప్పటికే అరవై దాటింది. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళి బీపీ, గుండె, మోకాళ్ళు అన్నీ చూపించుకుంది. నేర్పేవాళ్ళ కళ్ళ ముందే చెయ్యమని, తొందరపడొద్దని ఆయన చెప్పారు. తర్వాత జూబ్లీహిల్స్‌లో ఒక జిమ్‌కు తీసుకెళ్ళాను. అక్కడికి వచ్చే కుర్రాళ్ళలో సగం మంది హీరో వేషాల కోసం ఎదురుచూసేవాళ్ళు. అద్దాల ముందు కండలు చూసుకుంటున్న వాళ్ళ మధ్యలోంచి పెద్దమ్మ చున్నీ నడుముకు బిగించుకుని నడిచింది. నేర్పే అమ్మాయి రహమత్ నగర్ పిల్ల.

"ఏం ఎత్తమంటావమ్మా?" అంది పెద్దమ్మ.

"ఏం ఎత్తద్దు ఆంటీ. గీ కుర్చీల కూసొని లేవుండ్రి. చేతులు ఆనించద్దు."

"ఇదా! ఇది నాకు రాకపోవడమేంటి?"

నాలుగుసార్లు లేచేసరికి తొడలు వణికాయి. తర్వాత గోడ మీద అరచేతులు ఆనించి నెట్టడం. "ఊపిరి బిగబట్టకుండ్రి ఆంటీ, నెట్టేటప్పుడు వదలుండ్రి," అంటూనే ఉంది ఆ పిల్ల. ఒక్క ఊపిరిలో పేజీడు డైలాగు చెప్పిన మనిషికి ఊపిరి పాఠం! పెద్దమ్మే ముందు నవ్వేసింది.

చాలా రోజులు అంతే. కుర్చీ, గోడ, ఆ తర్వాత చిన్న చిన్న డంబెల్స్. ఒకరోజు చేస్తే ఒకరోజు విశ్రాంతి. కాస్త బలం వచ్చిందనిపించాక ఇంట్లో బియ్యం బస్తాను నడుం వంచి లాగింది. వెన్ను పట్టేసింది.

"ఎవరు ఎత్తమన్నరు మీకు?" ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవరూ అనలేదమ్మా. తొందర నాది."

ఇక మానేస్తుందనుకున్నాను. నొప్పి తగ్గి, డాక్టర్ సరేనన్నాక మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో, మొదటిరోజు లాగే కూర్చుంది. ఆ వయసులో, అందరి ముందూ, మళ్ళీ మొదటికి రావడానికి ఎంత ధైర్యం కావాలి! "నొప్పి మాట్లాడితే వినాలే, బద్ధకం మాట్లాడితే వినకూడదు. రెండిటి గొంతూ వేరు," అనేది. గొంతుల సంగతి ఆవిడకు తెలియనిదా?

ఆ తర్వాత బరువులు కొంచెం కొంచెంగా పెంచారు. వీపు నిటారుగా ఉంచి తుంటి వెనక్కి తీసుకెళ్ళడం, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం నేర్చుకుంది. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి పెద్దనాన్న నడుముకు బెల్టు కట్టి, ఎక్కడ పట్టుకోవాలో, ఆయన ఎడమకాలిని ఎలా వాడుకోవాలో ఇద్దరికీ చూపించాడు. ఒంటరిగా లేపొచ్చని అతను చెప్పేదాకా పెద్దమ్మ ఆగింది.

మొదటిసారి ఒంటరిగా లేపిన ఉదయం నేనక్కడే ఉన్నాను. పట్టుకుందామని చేతులు చాచి నిలబడ్డాను. పెద్దమ్మ తన మోకాలిని ఆయన మోకాలికి ఆనించి, "ఏవండీ, రండి," అంది. ఊపిరి వదిలింది. ఆయన లేచారు. మెల్లగా, కొండలాంటి మనిషి, ఆ పొట్టి మనిషి చేతుల మీదుగా లేచారు. నా చేతులు వాటంతటవే దిగిపోయాయి. పెద్దనాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిడనే చూస్తున్నాయి.

మొన్న భూస్థాపన అయ్యాక బంధువుల్లో ఒకావిడ, "ఆ వయసులో బరువులేంటండీ, అందుకే గుండె..." అని గొణిగింది. డాక్టర్ అలా ఏమీ అనలేదని నేను చెప్పబోయేలోగా పెద్దనాన్న మాట కూడదీసుకున్నారు.

"ఆ బరువులు ఎత్తబట్టే నేను లేచాను," అన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ రహమత్ నగర్ పిల్ల పైకే ఏడ్చేసింది.

నాకు మిగిలిపోయింది పెద్దమ్మ చివరి ఆదివారం. చర్చిలో పాట మొదలై అందరూ లేచారు. జబ్బు చేసినప్పటి నుంచి పెద్దనాన్న కుర్చీలోనే ఉండిపోయేవారు. ఆ రోజు పెద్దమ్మ ఆయన వైపు వంగి ఏదో అడిగింది. ఆయన తలూపారు. నేను వెనక వరసలోంచి చూస్తుండగానే ఇద్దరూ లేచారు. ఆవిడ చెయ్యి ఆయన నడుం చుట్టూ, ఆయన ఎడమచెయ్యి ఆవిడ భుజం మీద. పాటంతా నిలబడ్డారు. పాట అయిపోయింది. పాస్టరుగారు కూర్చోమన్నారు. బెంచీలు కిర్రుమన్నాయి, చీరలు సర్దుకున్న చప్పుడైంది, చర్చి అంతా కూర్చుంది. వాళ్ళిద్దరూ ఇంకా నిలబడే ఉన్నారు.