యాదమ్మ ఏడు సెకన్లు

పూజితకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం రెండు రోజులుండి పోయే చుట్టం కాదు, అక్కడే ఇల్లు కట్టుకుని కూర్చుంటుంది. క్రాంతి మీద ఆమెకు కోపం వచ్చింది 2011 ఫిబ్రవరిలో. తీరింది 2018 మార్చిలో. ఈ మధ్యలో ఆమె ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీ ముగించింది, అక్కడే ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగం తెచ్చుకుంది, డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. ఇవన్నీ జనానికి కనిపించిన పనులు. కనిపించకుండా చేసిన పని ఒక్కటే, పగను పెంచుకోవడం. ఆ పనినీ ఎక్కడా నిర్లక్ష్యం చేయలేదు.

ఆమె సిరిసిల్ల పిల్ల. గోడకు ఇవతల మంచం, అవతల కార్ఖానా. కార్ఖానాలో ఎనిమిది సాంచాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. తండ్రి సాంచాలు నడిపేవాడు, తల్లి యాదమ్మ కండెలకు నూలు చుట్టేది. పగలూ రాత్రీ టకటకమని ఆ చప్పుడు గోడలోంచి వస్తూనే ఉండేది. ఆ వాడలో పిల్లలు చప్పుడుకు నిద్రపోతారు, కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. పూజితకు పదేళ్లు వచ్చేసరికి పడుకునే చెప్పేది, ఏ సాంచ మీద పోగు తెగిందో. తండ్రి వెళ్లి చూస్తే అదే అయ్యుండేది.

2009 సెప్టెంబరులో చదువుకు బయల్దేరే ముందు రాత్రి ఆమె ఫోను పట్టుకుని గోడ దగ్గర కూర్చుని పదకొండు నిమిషాలు ఆ చప్పుడు రికార్డు చేసుకుంది. ఫొటోలు ఎవరైనా తీసుకుంటారు. ఆమెకు కావలసింది అది.

న్యూకాసిల్‌లో ఫెనమ్ వైపు ఒక ఇరుకు ఫ్లాటు. రాత్రయితే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఫ్లాటులోని మిగతా అమ్మాయిలు ఎంత ప్రశాంతంగా ఉందో అనేవారు. పూజితకు మాత్రం కంటి మీద కునుకు లేదు. ఫోనులోని చప్పుడు దిండు కింద పెట్టుకుంటే కాసేపు పట్టేది, పదకొండో నిమిషానికి ఆగిపోగానే మెలకువ వచ్చేసేది. చారిటీ షాపులో కొన్న పాత రేడియో గడియారాన్ని ఒక రాత్రి అటూ ఇటూ తిప్పుతుంటే, యూనివర్సిటీ విద్యార్థులు నడిపే స్టేషన్ తగిలింది. అప్పుడు రాత్రి రెండు దాటింది.

అందులో వస్తున్నది పాట అనడానికి లేదు. పల్లవి లేదు, చరణం లేదు, గొంతే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగులాంటి ఒక హోరు, దాని కింద లయ తప్పకుండా ఏదో కొట్టుకుంటున్న శబ్దం. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగి చెవి పెట్టింది. ఆ కొట్టుకునేది ఒక్కటి కాదు, మూడు. మూడింటికీ నడక వేరు, నలభై దెబ్బలకు ఒకసారి కలుస్తున్నాయి. ఇంగ్లండు వచ్చాక ఆమె తెల్లారేదాకా నిద్రపోయిన మొదటి రాత్రి అది.

ఆ కార్యక్రమం చేసే అమ్మాయి పేరు బెథన్. వేల్స్ పిల్ల, పీహెచ్‌డీ చేస్తోంది. గురువారం రాత్రి రెండు నుంచి నాలుగు ఎవరికీ అక్కరలేని టైము కాబట్టి ఆమెకు ఇచ్చారు. యంత్రాలతో, కంప్యూటర్లతో, పాడైపోయిన టేపులతో చేసిన సంగీతమంతా అక్కడ వేసేది. పూజిత వారం తిరక్కుండానే వెతుక్కుంటూ స్టూడియోకు వెళ్లింది. బెథన్ ఆమెకు టీ ఇచ్చి, కుర్చీ ఇచ్చి, మొదటి రోజే ఒక జాగ్రత్త చెప్పింది. ఇక్కడ ముప్పై సెకన్లు ఏ శబ్దమూ లేకపోతే, స్టూడియోలో మనిషి లేడనుకుని మెషీను దానంతటదే సినిమా హాల్లో ఇంటర్వెల్లో వేసేలాంటి పాటలు మొదలుపెడుతుంది. కాబట్టి మాట రాకపోతే కనీసం దగ్గు.

ఇక క్రాంతి. విజయవాడవాడు, పై ఫ్లాటులో ఉండేవాడు, ఆమెకన్నా మూడేళ్లు పెద్ద. సౌండ్ టెక్నాలజీలో మాస్టర్స్. పూజిత అతన్ని అన్నా అని పిలిచింది. ఆమె ఊరి వైపు అది ఊరికే పిలిచే పిలుపు కాదు. ఊరి నుంచి ఎవరో వస్తూ యాదమ్మ చేసిన సకినాల డబ్బా తెస్తే, సగం పై ఫ్లాటుకే వెళ్లింది. అతను తిని వేళ్లు నాక్కుని డబ్బా కడిగి మరీ ఇచ్చాడు. ఒక ఆదివారం ఆమె ఫోనులోని రికార్డింగును అతని పెద్ద స్పీకర్లలో వేసింది. క్రాంతి కాళ్లు కిందికి దించి కూర్చున్నాడు.

"ఏంటమ్మా ఇది! ఎక్కడిది?"

"మా ఇల్లన్నా. సాంచాలు."

"నాకోసారి ఇవ్వు. వెనక నాయిస్ తీసేసి క్లీన్ చేసి ఇస్తా."

ఇచ్చింది. అన్నే కదా అడిగింది.

ఏడాది తర్వాత, 2011 ఫిబ్రవరిలో ఒక గురువారం, బెథన్ స్టూడియోలో పక్కన కూర్చుని ఉండగానే ఆమె దాన్ని రేడియోలో విన్నది. ఊళ్లోని కొత్త కళాకారుడు క్రాంతి, 'ఫ్యాక్టరీ స్టడీ', పూర్తిగా తన గదిలో సర్క్యూట్లతో తయారు చేసినది అని బెథన్ కాగితం చూసి చదివింది. తర్వాత నాలుగో సాంచ మొదలైంది. పోగు మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడెను కొట్టే కర్ర వదులైన సాంచ. నాలుగు దెబ్బలకొకసారి తడబడుతుంది. ఆ తడబాటు పూజితకు తండ్రి నడకంత తెలుసు. ఆరో నిమిషంలో ఒక చోట నాలుగో సాంచ తడబడాల్సిన దెబ్బకు తడబడలేదు. అక్కడ ఏదో కోసేసి అతికించారు. కోసింది ఏమిటో ఆమెకు గుర్తొచ్చింది. అక్కడ యాదమ్మ మాట్లాడింది. ఏడు సెకన్లు.

తెల్లవారక ముందే పై ఫ్లాటు తలుపు కొట్టింది.

"అన్నా, అది నాది గదా. నీ సర్క్యూట్లు ఏడున్నయ్ అండ్ల?"

క్రాంతి ఆవులించాడు. "చూడు తల్లీ, చప్పుడుకి ఓనరెవరుంటారు? నువ్వు ఫోను నొక్కావు. నేను కంపోజ్ చేశాను. రెండూ ఒకటేనా?"

"మా అమ్మ మాట ఎందుకు తీసినవ్?"

"అడ్డం వచ్చిందమ్మా. మంచి ఫ్లోలో ఉండగా ఎవరో ఏదో అంటే చెడిపోదూ?"

ఎవరో. ఏదో. పూజిత మెట్లు దిగింది. దొంగతనం ఒక్కటే అయితే ఏడ్చి, నాలుగు తిట్టి, ఏడాదికి మరిచిపోయేదేమో. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు లోకంలో కొత్త కాదు. కానీ తల్లి సకినాలు తిని తల్లి గొంతును చెత్తలా తీసి పారేసినవాణ్ని ఎట్లా వదలడం? ఆ మెట్ల మీదే ఆమె తీర్మానించుకుంది. వీడి నోటితో, పదిమంది వింటుండగా, ఆ 'ఎవరో' ఎవరో చెప్పించాలి. ఆ రోజు నుంచి అన్న అనడం మానేసింది.

'ఫ్యాక్టరీ స్టడీ' బాగా పైకొచ్చింది. లండన్‌లో వేశారు, బెర్లిన్‌లో వేశారు, రికార్డుగా వచ్చింది. దాని వెంటే క్రాంతీ న్యూకాసిల్ విడిచి వెళ్లాడు. ఎనిమిదో నిమిషంలో లయ మొత్తం మెల్లగా సాగి, కుంగి, మళ్లీ లేచే చోటు ఉంది. కాలమే అలసిపోయిన క్షణం అని ఒక విమర్శకుడు రాశాడు. పూజిత అది చదివి ఆసుపత్రి క్యాంటీన్లో పొలమారేదాకా నవ్వింది. అప్పుడు సిరిసిల్లలో ఓల్టేజి పడిపోయింది, అంతే.

2014లో ఆ ఎనిమిది సాంచాలూ పాత ఇనుము కింద పోయాయి. ఫోనులో యాదమ్మే చెప్పింది, ఇల్లు ఖాళీ ఖాళీగా ఉందని. అదే ఏడు బెథన్ చదువు ముగించి వెళ్తూ గురువారం టైమును పూజితకు అప్పగించింది. విద్యార్థి కాని మనిషికి ఎలా ఇస్తారని ఎవరూ అడగలేదు. ఆ టైము కావాలన్నవాళ్లు ఉంటే కదా అడగడానికి. చేతికి మైకు వచ్చినా ఆమె రెండేళ్లు క్రాంతి ఊసే ఎత్తలేదు. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అన్నారా?

2016 అక్టోబరులో క్రాంతి న్యూకాసిల్‌కు తిరిగొచ్చాడు, యూనివర్సిటీలో లెక్చరరుగా. మొదటి క్లాసులోనే పిల్లలకు ఆ సర్క్యూట్ల కథ చెప్పాడట. ఆ గురువారమే పూజిత మొదలుపెట్టింది.

ప్రతి వారం రెండున్నరకు 'ఫ్యాక్టరీ స్టడీ' మొత్తం వేసేది. అయిపోయాక అందులో ఒక్క సంగతి, ఒక్కటంటే ఒక్కటే, మామూలు గొంతుతో ఇంగ్లీషులో చెప్పేది. మొదటి వారం నాలుగో సాంచ వదులు కర్ర. రెండో వారం మూడో నిమిషంలో తండ్రి చెప్పుల చప్పుడు, ఎడమ చెప్పుకు మేకు ఉంది. తర్వాత వారం ఓల్టేజి. దొంగ అన్న మాట ఒక్కసారి వాడలేదు, క్రాంతిని తిట్టలేదు. ఆరో నిమిషంలో ఆ అతుకు వచ్చే చోట మాత్రం పాట ఆపి, ఏడు సెకన్లు నిశ్శబ్దం ఉంచి, మళ్లీ నడిపేది. అదేమిటో చెప్పేది కాదు. మెషీనుకు ముప్పై కావాలి, ఏడుకు ఏమీ అనదు.

వినేవాళ్లు మొదట పదిమంది. నిద్రపట్టని నర్సులు, ఒక బేకరీ పనివాడు, పరీక్షల పిల్లలు. ఏడాది తిరిగేసరికి క్రాంతి క్లాసు సగం వింటోంది. ఆ ఏడు సెకన్లలో ఏముందని స్టూడియోకు మెసేజీలు వచ్చేవి. మీ సార్‌ను అడగండి, కోసింది ఆయనే అని పూజిత జవాబు ఇచ్చేది. వాళ్లు అడిగారు. అతను నవ్వి దాటేశాడు. తర్వాత ఎవరో తెల్లబోర్డు మీద 7 అని రాయడం మొదలుపెట్టారు. అతను తుడిచేవాడు, మళ్లీ ఉండేది. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు ముందు కూడా ఉంది. ఆయనా అడిగాడు.

2018 మార్చిలో ఫోను మోగింది. "పూజితా, ఎన్నాళ్లమ్మా ఇది? ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుందాం."

"తప్పకుండ రండి క్రాంతి గారూ. గురువారం రాత్రి రెండింటికి. మైకు కాడ కూసుందాం."

వచ్చాడు. రాక తప్పని పరిస్థితి, పైగా మాట నేర్పున్న మనిషి. మైకు ముందు ఇంగ్లీషులో తేనె పూసినట్టు మాట్లాడాడు. అవును, అది ఒక మిత్రురాలి రికార్డింగే. చిన్న వయసు, తెలియనితనం. ఆనాడే చెప్పాల్సింది, క్షమించమని అడుగుతున్నాను. ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ అంటూ పూజిత కళ్ల ముందే మెసేజీలు రాలడం మొదలైంది. ఏడేళ్లు దాచుకున్నదాన్ని ఇతను అయిదు నిమిషాల్లో చప్పట్లుగా మార్చుకుని పోతున్నాడు.

అప్పుడు ఆమె, ఆ స్టేషనులో మొదటిసారి, తెలుగులో అడిగింది.

"క్రాంతి గారూ. ఏడు సెకన్లు మీ చేతితోనే కోసినరు. ఏముండె అండ్ల?"

అతను తడబడ్డాడు. "మీ అమ్మగారు... ఏదో అన్నారు."

"ఏమన్నది?"

"అదీ... గుర్తు లేదమ్మా."

"సరే. ఆమె చేసిన సకినాలు తిన్నరు, డబ్బా కడిగిచ్చినరు. ఆమె పేరు చెప్పుండ్రి."

క్రాంతి నోరు తెరిచాడు. ఆ పేరు అతనికి తెలియదు. ఎన్నడూ అడగలేదు. నోటికొచ్చిన పేరైనా దొరక్క అతను బల్ల వైపు చూశాడు. పూజిత దగ్గలేదు. అసలు రికార్డింగు ఆమె చేతి కింద సిద్ధంగా ఉంది, ఒక్క మీట జరిపితే యాదమ్మ గొంతు ఊరంతా వినిపిస్తుంది. ఆమె వేలు కదలలేదు. పారేసినవాడికి మళ్లీ తెచ్చి ఇవ్వడానికా ఇన్నేళ్లు దాచింది? గోడ గడియారంలో పది సెకన్లు, ఇరవై. అతను చేతులు పిసుక్కున్నాడు. క్లాసు వింటోందని అతనికి తెలుసు. ముప్పై.

స్టూడియోలో మనిషి ఎవరూ లేరనుకుని మెషీను పాట వేసింది.

పూజిత లేచి కోటు తొడుక్కుంది. క్రాంతి అలాగే కూర్చుని ఉన్నాడు, అతని చుట్టూ ఎవరో ప్రేమ గురించి హుషారుగా పాడుతున్నారు. అతన్ని ఒకసారి తేరిపార చూసి, తలుపు వేసి వెళ్లింది.

తెల్లవారుజామున మొదటి బస్సులో, పై అంతస్తులో ఆమె ఒక్కతే. ఫోను తీసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆరో నిమిషం దాకా జరిపింది. ఎనిమిది సాంచాలు నడుస్తున్నాయి. నాలుగోది తడబడింది. కండెలు పక్కన పెట్టిన చప్పుడు, తర్వాత తల్లి గొంతు.

"పండుకో బిడ్డా. చప్పుడు ఏడికి పోతది? రేపు గూడ ఈడనే ఉంటది."

పూజిత వెనక్కి జరిపి మళ్లీ విన్నది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.