మౌలాలి గుట్ట మీద జుబేదా

నిన్న పొద్దున ఫోన్‌లో జుబేదా కోడలి గొంతు.

"అమ్మీ ఇగ లేదు ఖాలమ్మా."

"నిన్న సాయంత్రం నాతో మాట్లాడింది కదా" అన్నాను. నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ కూడా ఉండి తీరాలని రూల్ ఏదో ఉన్నట్టు.

తర్వాత ఏమన్నానో గుర్తు లేదు.

మన రెండిళ్ల ఫ్యామిలీ గ్రూప్‌లో పిల్లలు ఆమె గురించి రాస్తున్నారు. సంతోషం. కానీ గుట్ట సంగతి ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. సిపాయి తుపాకీ గురిపెట్టాడని ఒకరు. మేం చీకట్లో దిగామని ఇంకొకరు. రెండూ తప్పే. ఆ రోజు అక్కడున్న వాళ్లలో మిగిలింది నేనొక్కదాన్ని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోలీస్ యాక్షన్ ముగిసి కొన్ని వారాలైంది. వానలు వెనకబడి, సీతాఫలాలు మొదలైన రోజులు. నాకు పదకొండేళ్లు, జుబేదాకు పన్నెండు. సీతాఫల్‌మండిలో పక్కపక్క ఇళ్లు.

ఆమె అన్న యూసుఫ్ భాయ్ రైల్వేలో గ్యాంగ్‌మన్. గొడవలప్పుడు దూరాన డ్యూటీలో ఉన్నాడు. ఒంటి మీద ఖాకీ యూనిఫాం. ఖాకీలో కుర్రవాడు కనిపిస్తే రజాకార్ అని పట్టుకుపోతున్న కాలం అది. పట్టుకుపోయిన వాళ్లందరూ తిరిగి రాలేదు. అతను దాక్కుంటూ, నడుస్తూ మౌలాలి గుట్ట ఎక్కి, కింద మెట్ల దగ్గర సిపాయి కాపలా పడటంతో పైన బండల మధ్య ఆగిపోయాడు. కట్టెలమ్మే ఆమె వచ్చి వాళ్ల ఇంట్లో చెప్పింది.

జుబేదా మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు.

"అమ్మా, కాకది పంచె ఒకటి ఇయ్యి. మా ఇంట్ల అన్నీ లుంగీలే, చూడంగనే ఎవరో ఎర్కయితది."

మా అమ్మ కాసేపు గుమ్మం వైపు చూసింది. లోపలికి వెళ్లి నాన్న పంచె తెచ్చి, దాన్ని మెలిపెట్టి చుట్టకుదురు చేసి జుబేదా తల మీద పెట్టింది. దాని మీద బుట్ట. బుట్టలో దర్గాకు మలీదా ముద్దలు, పూలు.

"ఎవరన్న అడిగితే దర్గాకు పోతున్నమని చెప్పుండ్రి. అబద్ధం గాదు గదా" అని నన్ను కూడా పంపింది.

పట్టాల వెంట నడిచాం. దారి పొడవునా జుబేదా "అన్న, అన్న" అని గొణుక్కుంటూనే ఉంది. ఇంట్లో అతన్ని ఆమె పిలిచేది భాయీజాన్ అని.

మెట్ల దగ్గర సిపాయి ఉన్నాడు. బుట్ట దించమన్నాడు. పూలు కదిపి చూశాడు. తల మీది కుదురును చూడలేదు.

పైకెళ్లాక, బుట్టలోవన్నీ దర్గాలో ఇచ్చి, పక్క బండ మీద నిలబడి కిందికి చూశాం. అక్కడి నుంచి స్టేషన్, పట్టాలు, చెరువులు, సికింద్రాబాద్ ఇళ్లు అన్నీ కనిపిస్తాయి. మేం చూసింది ఒక్క సిపాయినే. అతని బదులు ఇంకొకరు డ్యూటీకి రాలేదు, అతనూ కదలలేదు. వెళ్లింది ఇద్దరు ఆడపిల్లలని అతనికి తెలుసు.

దిగడానికి ఇంకో దారి లేదు.

జుబేదా కుదురు విప్పి, పంచెను బండ చాటుకు విసిరింది. యూసుఫ్ భాయ్ ఖాకీలు రాళ్ల సందులో కుక్కి, బనియన్‌తో బండ చాటు నుంచి బయటికి వచ్చాడు. నాన్న పంచెను లుంగీలా చుట్టుకున్నాడు.

రెండిళ్ల వాళ్లం సిపాయి గురించే ఆలోచించాం. అతనికి పంచె కట్టడం రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను బండ వైపు తిరిగి నిలబడి, నాన్న ఎలా కడతాడో గుర్తు తెచ్చుకుని చెప్పాను. నడుం దగ్గర ముడి వెయ్యాలి. ఒక కొస కుచ్చిళ్లు పెట్టి, కాళ్ల మధ్య నుంచి తీసి వెనక దోపాలి.

"ఏడ దోపాలె?"

"వెనక!"

"ఆగుతలేదు."

జుబేదా ఓణీ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "పంతులమ్మా, జెర మెల్లగ చెప్పే. కొత్త స్టూడెంటు."

"నా పానం పోతుంటే నవ్వుతవా?" అన్నాడతను.

దిగాం.

సగం మెట్ల దగ్గరే గోచీ వదులైంది. చేత్తో పట్టుకుని నడిచాడు. సిపాయి మమ్మల్ని లెక్కపెట్టినట్టు చూశాడు. అడ్డంగా వచ్చాడు. తుపాకీ భుజానే ఉంది. యూసుఫ్ భాయ్‌ని వేలితో చూపించి, ఇతనెవరని హిందీలో అడిగాడు.

నేను జుబేదా వెనక్కి జరిగాను.

జుబేదా సిపాయికి జవాబే ఇవ్వలేదు. అన్న మీదికి తిరిగింది.

"ఏందన్నా గిది? పెండ్లీడొచ్చె, పంచె గూడ గట్టుకోరాదు! పొద్దుగాల మొక్కుకని వచ్చి పైన పండుకుంటివి. ఆడ అమ్మ పరేషాన్ అయితున్నది, నిన్ను దేవులాడనీకి మేం రావాల్నా? నడువ్ ముంగట!"

ఖాళీ బుట్ట అతని నెత్తిన బోర్లించి, వీపు మీద ఒక్కటి చరిచింది.

సిపాయికి తెలుగు వచ్చో రాదో నాకు తెలియదు. ఆ తిట్లకు భాష అక్కర్లేదు. అతని ఇంట్లోనూ ఇలాంటి చెల్లెలు ఒకతె ఉండే ఉంటుంది. నవ్వు రాకుండా పెదవి బిగించి పక్కకు జరిగాడు.

రైల్వే గేటు దాటాం.

"మంచిగనే కొట్టినవ్" అన్నాడు యూసుఫ్ భాయ్.

జుబేదా జవాబు చెప్పబోయి, కంకర మీద కూలబడి వాంతి చేసుకుంది. చాలాసేపు లేవలేకపోయింది. ఆమె ధైర్యవంతురాలని రాస్తున్న పిల్లలు ఇది కూడా రాయాలి. భయపడింది. నాకంటే ఎక్కువ భయపడింది, ఎందుకంటే అన్న ఆమెవాడు.

యూసుఫ్ భాయ్ మళ్లీ డ్యూటీలో చేరాడు. పెళ్లి చేసుకున్నాడు, ముసలివాడై ఇంట్లోనే, తన మంచం మీదే పోయాడు.

నిన్న సాయంత్రం జుబేదా జనాజా మా గుమ్మం ముందు నుంచే వెళ్లింది. ముందు భుజం పట్టింది యూసుఫ్ భాయ్ కొడుకు. అతని వెనక యూసుఫ్ భాయ్ మనవలు, ముగ్గురూ పొడుగాటి వాళ్లు. ఆమె ఆ రోజు గుట్ట మీది నుంచి దించుకొచ్చింది వీళ్లందరినీ.

వెళ్లిరా జుబేదా. ఇక ఎవరూ నిన్ను ఆపి అడగరు. నెమ్మదిగా పడుకో.